అవ్వ నోట్లో ఆకు, వెనక బ్రేకులో గాలి

మొన్న భూపాలపల్లిలో మెకానిక్ దగ్గర స్టూలు మీద కూర్చుని నాలో నేను నవ్వుకుంటుంటే ఆయన రెండుసార్లు తలెత్తి చూశాడు. మూడోసారికి ఓపిక పట్టలేక, "ఏమైంది మేడం, బండి పాతదని నవ్వొస్తుందా" అని అడిగాడు. బండి పాతదే. మా బాపు, పెద్దబాపు కలిసి కొన్న బండి. బాపు అంటే మా నాయిన, పెద్దబాపు ఆయనకు అన్న. ఇద్దరికీ చూపు మందగించాక, అమ్మడానికి మనసొప్పక, నువ్వు నడుపుకో బిడ్డా అని నా చేతిలో పెట్టారు. మొగుళ్లపల్లి దిక్కు ఒక చిన్న దవాఖానలో నర్సుగా పనిచేస్తూ రోజూ దాని మీదే వెళ్ళొస్తాను. నర్సమ్మ మోటరు సైకిలు మీద వస్తుంది అని దారిలో ఊళ్ళవాళ్ళు చెప్పుకుంటారట. నాకది గర్వమే, దాచుకోను. వారం నుంచి దాని వెనక బ్రేకు పెడల్ మెత్తబడి, తొక్కితే కిందిదాకా దిగిపోతోంది. చూస్తే బ్రేకు పైపు పగిలి ఉంది. కొత్త పైపు వేయించడానికి వెళ్ళాను.

పైపు మార్చడం పెద్ద పని కాదు. రెండు కొసల్లో రెండు బోల్టులు, ఒక్కోదానికి రెండేసి రాగి వాషర్లు. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. కొత్త పైపు నిండా గాలే కదా, అది పోయి ఆయిల్ నిండాలి. గాలి నొక్కితే నలుగుతుంది, ఆయిల్ నలగదు. లోపల చిటికెడు గాలి మిగిలినా కాలి బలమంతా ఆ గాలిని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. నాకు తెలిసినంతలో ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ నాలుగుసార్లు తొక్కి, అలాగే తొక్కి పట్టాలి. అప్పుడు రెండోవాళ్ళు చక్రం దగ్గరున్న చిన్న నిపుల్‌ను పానాతో తిప్పితే బుడగలతో సహా ఆయిల్ బయటికి చిమ్ముతుంది. నిపుల్ మళ్ళీ బిగించేదాకా కాలు లేవకూడదు. లేచిందా, బయటి గాలి లోపలికి పోయి కథ మొదటికొస్తుంది. ఈ మెకానిక్ మాత్రం పిడికిలిలో పట్టేంత పంపు ఒకటి నిపుల్‌కు తగిలించి, రెండో మనిషి లేకుండా, సెల్లులో పాట వింటూ పది నిమిషాల్లో పని కానిచ్చేశాడు. నాకు నవ్వొచ్చింది అందుకే. మా ఇంట్లో ఇదే పనికి నలుగురం కూర్చుని, ఒక పొద్దంతా పడి, పదకొండు నెలల పగ కరిగించుకోవలసి వచ్చింది మరి.

మా ఊరు కొడకండ్లకు దగ్గర. రెండిండ్లు, ఒకే వాకిలి. ఎడమ ఇల్లు పెద్దబాపుది, కుడి ఇల్లు మాది. నడుమ అవ్వ మంచం. ఆమె మా బాపు తల్లి, మాకు నానమ్మ, అయినా ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్ళం. తెల్లారకముందే లేచి వాకిట్లో పేడనీళ్ళు చల్లేది. ఆ తడి వాసనలో కట్టెల పొయ్యి పొగ కలిసిందంటే నాకు మెలకువ వచ్చేది. మా బాపు వేపపుల్ల నములుతూ బర్రె దగ్గరికి పోయేవాడు. పెద్దబాపు అప్పటికే బండి పక్కన గొంతుక్కూర్చుని పాతబట్టతో దాన్ని తుడుస్తుండేవాడు. వయసులో ఉన్నప్పుడు బొగ్గుబావుల దగ్గర ఒక షెడ్డులో లారీలు బాగుచేసి వచ్చిన మనిషి. చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో కడుక్కునేవాడు, అయినా ఆయన పక్కన కూర్చుని అన్నం తింటే నా ముద్దకు కూడా పెట్రోలు వాసన వచ్చేది. బండికి సంబంధించి ఆయన మాటే చెల్లాలి. పాల క్యాన్ తగిలించడానికి కుడివైపు తనే ఇనుప కొక్కెం చేసి బిగించాడు. దాన్ని చూసి ఊళ్ళో ముగ్గురు తమ బళ్ళకు కూడా పెట్టించుకున్నారని నెలకోసారైనా గుర్తుచేసేవాడు.

ఆ బండి మీదే అన్నదమ్ములిద్దరూ తరిగొప్పులలో చుట్టాల పెళ్ళికి బయల్దేరారు. నడిపింది మా బాపు. వెనక పెద్దబాపు, గంజిపెట్టిన తెల్ల ధోతి, తెల్ల అంగీ. ఊరు ఇంకో రెండు మలుపులుందనగా బర్రె అడ్డమొచ్చింది. బాపు బ్రేకు తొక్కాడు, బండి ఆగలేదు. ముందు బ్రేకు గట్టిగా పట్టాడు, బండి పక్కకు జారి ఇద్దరినీ నాటేసిన పొలంలో దింపింది. దెబ్బలేమీ తగల్లేదు, దెబ్బ తగిలింది పరువుకే. మీసాలదాకా బురదతో పెళ్ళి పందిట్లోకి వెళితే పిల్లలు పలకరించడం మాని వెంటపడ్డారు. భోజనాల దగ్గర ఎవరో ఏమైందని అడిగితే బాపు, "వెనక బ్రేకు పడలే" అన్నాడు. పెద్దబాపుకు తన మెకానిక్‌తనాన్ని నలుగురిలో అన్నట్టయింది. "బ్రేకు మంచిగనే ఉన్నది. వీనికే నడపరాదు" అన్నాడు, పంక్తి మొత్తం వినేటట్టు. పంక్తి నవ్వింది. బాపు విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు. ఆనాటి నుంచి వాళ్ళిద్దరి మధ్య మాటలు బంద్.

మాటలు బంద్ అయితే పనులు బంద్ అవుతాయా. నడుమ అవ్వ మంచం ఉండనే ఉంది. ఇద్దరూ మంచానికి చెరోపక్క నిలబడి ఆమెతో చెప్పేవాళ్ళు. "అవ్వా, నీ పెద్దకొడుకుకు చెప్పు, ఇయ్యాల బాయికాడ మోటరు నేనేస్తున్న" అని బాపు అంటే, ఆరడుగుల అవతల ఉన్న పెద్దబాపుకు చక్కగా వినబడేది. అయినా ఆయన ఆకాశం చూస్తుండేవాడు. అవ్వ అటు తిరిగి, "పెద్దోడా, తమ్ముడు మోటరేస్తుండట. ఎండలు ముదిరినయ్ గదా, నిన్ను నీడకు సల్లగ కూసోమంటుండు" అని చెప్పేది. చివరి ముక్క ఆమె సొంతం. ఏ మాటనూ అవ్వ వచ్చినట్టు పంపేది కాదు, బెల్లం ముక్క పెట్టి పంపేది. తిట్టు వస్తే మింగేసేది. మా అమ్మా, పెద్దమ్మా మాత్రం ఈ తగవుతో తమకేం పనిలేనట్టు వాకిలి మీదుగా కూరగిన్నెలు మార్చుకుంటూ, మొగుళ్ళను చూసి ముసిముసిగా నవ్వుకుంటూ ఉండేవాళ్ళు. బండి ఒకరోజు ఈయన, ఒకరోజు ఆయన తీసేవాళ్ళు. వెనక బ్రేకును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. బాగుచేస్తే అది చెడిందని ఒప్పుకున్నట్టని పెద్దబాపు భయం. బాగుచేస్తే తన సాక్ష్యం పోతుందని బాపు భయం. పదకొండు నెలలు ఆ బండి ముందు బ్రేకు మీదే ఊరు చుట్టూ మెల్లగా తిరిగింది.

అలాంటి రోజుల్లో నాకు మానుకోటలో నర్సు ట్రైనింగు సీటు వచ్చింది. ఇప్పుడంటే మహబూబాబాద్ వేరే జిల్లా, మాది జనగామ జిల్లా. అప్పుడు అన్నీ ఒకటే వరంగల్ జిల్లా. ఊళ్ళో అందరం దాన్ని మానుకోట అనేవాళ్ళం. కబురు ఆలస్యంగా అందింది. ఎల్లుండి పన్నెండు గంటల్లోపు కాగితాలతో వచ్చి చేరకపోతే సీటు తర్వాతి అమ్మాయికి పోతుంది. ఎల్లుండేమో బంద్. అవి ప్రత్యేక రాష్ట్రం కోసం వారానికో బంద్ నడిచిన రోజులు. బస్సుల్లేవు, ఆటోల్లేవు, దుకాణాలు తెరవరు. ఆ సీటు రాకపోతే ఆ ఎండాకాలమే నాకు సంబంధం ఖాయం చేద్దామని మేనమామ కాచుకుని ఉన్నాడు. అబ్బాయి మంచోడేనట. మంచోడైతే అయ్యాడు, నాకు నర్సు కావాలని ఉంది. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, అన్నం తినకుండా ఏడ్చాను. ఉన్న దారి ఒక్కటే, బండి. "వెనక బ్రేకు లేని బండి మీద నా బిడ్డను తోలియ్య" అని మా అమ్మ అడ్డం కూర్చుంది. ముందు బ్రేకుతోని మెల్లగా పోతానని బాపు అంటే, "తరిగొప్పులకు గూడ మెల్లగనే పోతిరి" అంది.

వాకిలి అవతల పెద్దబాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. లేచి వచ్చి బండి కుడిపక్కన కూర్చున్నాడు. పైపు మీద వేలు పెట్టి, కొక్కెం మీద వేలు పెట్టి, మళ్ళీ పైపు మీద పెట్టి, చాలాసేపు చూశాడు. మర్నాడు పొద్దున ఎవరితో ఒక్క మాట అనకుండా బండి తీసుకుని జనగామ పోయి, కొత్త పైపూ, రాగి వాషర్లూ, ఒక చిన్న డబ్బా బ్రేకు ఆయిలూ తెచ్చాడు. బంద్ రోజు నేను లేచి చూసేసరికి పాత పైపు ఊడదీసి ఉంది. పాల క్యాన్ కొక్కెం కూడా బండి మీద లేదు. పాత పైపును ఒకచోట బొటనవేలితో రుద్ది, దాన్ని మడిచి అంగీ జేబులో వేసుకున్నాడు. పాత సామాను పారేసే మనిషి కాదు కనుక నేను పట్టించుకోలేదు. కొత్త పైపు బిగించాక గోడకు కొట్టిన మొలకు వేలాడుతున్న సెలైన్ పైపు ముక్కనూ, మెడకు తాడు కట్టిన ఒక గాజు సీసానూ చేతిలోకి తీసుకున్నాడు. మా ఇంటి దిక్కు ఒకసారి చూశాడు. రెంటినీ తిరిగి మొలకు తగిలించేశాడు. అదీ నేను పట్టించుకోలేదు.

"ఇంకొకలు తొక్కాలె" అన్నాడు గాలిలోకి. నేను ఎగిరి ముందుకొచ్చాను, సీటు నాది, తొందర నాది. ఆయన నా కాలు దిక్కు చూసి, "నీ కాలుకు బలం సాలది బిడ్డా. మొగ కాలు కావాలె" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బావి నుంచి రెండేసి బిందెలు మోసే కాలది. అనబోయేలోగా ఆయన అవ్వ వైపు తిరిగి, "నీ చిన్నకొడుకును పిలువు. పెడల్ తొక్కుమను" అన్నాడు. అవ్వ మంచం దిగింది. "చిన్నోడా, మీ అన్న పిలుస్తుండు రా. నువ్వైతెనే మంచిగ తొక్కుతవట" అంది. బాపు వచ్చాడు. అన్న మొహం చూడకుండా బండి కుడిపక్కన నిలబడి పెడల్ మీద కాలు పెట్టాడు. చక్రం దగ్గర పెద్దబాపు, పానా పట్టుకుని, తమ్ముడి మొహం చూడకుండా.

ఇక మొదలైంది. "తొక్కుమను" అంటాడు పెద్దబాపు. "తొక్కు నాయినా" అంటుంది అవ్వ. బాపు ఒకటి, రెండు, మూడు అని తొక్కుతాడు. "పట్టుమను" అని అంటూనే పెద్దబాపు నిపుల్ తిప్పేస్తాడు, షెడ్డులో అలవాటైన చేయి ఆగదు. ఆ మాట అవ్వ చేతిలో పడి, "చిన్నోడా, ఇగ పట్టుమంటుండురా మీ అన్న, కాలు నొస్తె చెప్పు మరి" అని ముస్తాబై బాపు దాకా వచ్చేసరికి బాపు కాలు నాలుగోసారి కిందికి పోయి పైకి లేచేది. మాట చెవిన పడిందని నాకు తెలుసు, ఆయన చెవి కదలడం చూశాను. అవ్వ నోటి నుంచి వస్తేగాని తనకు వచ్చినట్టు లెక్క కాదు ఆయనకు. కాలు లేవగానే తెరిచి ఉన్న నిపుల్ లోంచి సుయ్‌మని గాలి లోపలికి. పెద్దబాపు నిపుల్ బిగించి, ముక్కు ఎగబీల్చి, "మల్ల తొక్కుమను" అనేవాడు. "మల్ల తొక్కు నాయినా, పొద్దుగాల సద్ది తిన్నవా" అనేది అవ్వ.

ఎన్నిసార్లు అయిందో చెప్పలేను. ఎండ వాకిట్లోకి వచ్చింది. ప్రతిసారీ కాస్త ఆయిల్ నేల పాలయ్యేది, పెద్దబాపు డబ్బాలోంచి పైన పోసేవాడు. డబ్బా నేను పట్టుకున్నాను కనుక అది తేలికవడం నా చేతికే తెలుస్తోంది. బంద్ రోజు ఇంకో డబ్బా ఎక్కడ దొరుకుతుంది. తొమ్మిదింటికి బయల్దేరకపోతే, దారిలో ఆపితే, పన్నెండింటికి మానుకోట చేరలేం. డబ్బా అడుగున రెండు వేళ్ళ ఆయిల్ మిగిలింది. నేను డబ్బా కింద పెట్టి, ఇద్దరినీ చూస్తూ, "ఇది అయిపోతే నన్ను మామ చెప్పిన పిలగానికే ఇయ్యుండ్రి. ఆ పెండ్లికి మీరు బురద పూసుకొని రాండ్రి" అన్నాను. పెద్దల ముందు అంత మాట అనడం అదే మొదలు. అవ్వ నా మొహం చూసింది, కొడుకుల మొహాలు చూసింది. బొడ్లోంచి చిన్న సత్తు డబ్బీ తీసింది. ఆకు తీసి, ఈనెలు తీసి, సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి నోట్లో పెట్టుకుంది. అన్నం తిన్నాక తప్ప ఆకు ముట్టని మనిషి.

బాపు నాలుగుసార్లు తొక్కాడు. పెద్దబాపు "పట్టుమను" అని నిపుల్ తిప్పాడు. అవ్వ నోరు తెరవలేదు. బుగ్గ ఉబ్బించి, చేయి అడ్డంగా ఊపి, నోట్లో ఆకు ఉందని చూపించింది. చక్రం దగ్గర నుంచి బుడగలు బుడగలుగా ఆయిల్ వస్తోంది. బాపు పెడల్ అడుగుకంటా దిగిపోయింది. ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఆ కాలు లేస్తుంది. పెద్దబాపు తలెత్తి, పదకొండు నెలల తర్వాత తమ్ముడి మొహంలోకి చూసి, "పట్టురా" అన్నాడు.

"పట్టే ఉన్న అన్నా" అన్నాడు బాపు.

నిపుల్ బిగిసింది. ఆ తర్వాత ఆ వాకిట్లో మూడు మాటలే వినబడ్డాయి. తొక్కు. పట్టు. ఇడువు. తొక్కు. పట్టు. ఇడువు. ఐదో విడతకు బుడగలు ఆగి, తేటగా ఆయిల్ ఒక్కటే వచ్చింది. పెడల్ బాపు కాలి కింద రాయిలా నిలబడింది. డబ్బాలో చెంచాడు మిగిలి ఉంది. అవ్వ గోడ వారకు పోయి ఆకు ఉమ్మి వచ్చి, ఇప్పుడేమైనా చెప్పాలా అని అడిగింది.

బాపు నడిపాడు, నడుమ నేను, కాగితాల సంచి ఒళ్ళో. బయల్దేరుతుంటే పెద్దబాపు, కొత్త బ్రేకు కదా చూడాలి అంటూ నా వెనక ఎక్కేశాడు. తొర్రూరు దగ్గర బంద్ చేసేవాళ్ళు ఆపారు. ఆడపిల్ల చదువుకు పోతోందని తెలిశాక నీళ్ళిచ్చి పంపారు. దారి పొడుగునా ఎక్కడ ఎద్దు కనబడినా నా వెనక నుంచి "తొక్కు" అని ఒక గొంతు, నా ముందు నుంచి "తొక్కిన" అని ఒక గొంతు. అంతే మాట్లాడుకున్నారు. నడుమ ఇరుక్కుని, ఇద్దరి చెమటవాసన, పెట్రోలు వాసన పీలుస్తూ, నేను నవ్వకుండా ఉండడానికి పెదవి కొరుక్కున్నాను. పదకొండున్నరకు చేరాం. సీటు నాదే అయింది.

ఇప్పుడు నా చేతుల మీదుగా రోజూ సెలైన్ పైపులు పోతుంటాయి. ఎవరికి పెట్టినా ముందు పైపులో గాలి పోనిచ్చి, ఆఖరి బుడగ బయటపడ్డాకే సూది తగిలిస్తాను. అవ్వ పోయి చాలా ఏండ్లయింది. ఆ సత్తు డబ్బీ నా బీరువాలో ఉంది, మూత తీస్తే ఇప్పటికీ సున్నం వాసన. ఈ కాలంలో మాటలు బంద్ చేసుకోవడం మహా సులువు. నా మొగుడూ ఆయన తమ్ముడూ పోయిన దసరా నుంచి మాట్లాడుకోవడం లేదు. సెల్లులో ఒకరి నంబరు ఒకరు ఆపేసుకున్నారు, అంతే. నడుమ మంచం లేదు, బెల్లం ముక్క పెట్టి పంపే మనిషి లేదు, ఒకరితో ఒకరికి పడే పని కూడా లేదు. ఉన్న ఒక్క బ్రేకు పనికీ పంపు వచ్చింది. కోపం రాదా మరి నాకు.

ఆ కోపంలోనే మెకానిక్‌ను అడిగాను, ఈ పంపులు రాకముందు ఇద్దరు లేందే అయ్యేది కాదు కదా అని. ఆయన పానాలు సర్దుకుంటూ, "ఎందుకు కాదు మేడం. నిపుల్‌కు సెలైన్ పైపు తగిలిచ్చి, దాని కొసను సీసల ఆయిల్లకు ముంచిపెడితె అయిపాయె. కాలు లేసినా గాలి రాదు, ఆ ఆయిలే వెనుకకు వస్తది. ఒక్కడే కూసొని చేత్తోని పెడల్ ఒత్తుకుంట తీస్తడు. పాత మెకానిక్‌లందరికి ఎరికె" అన్నాడు.

మొలకు తిరిగి తగిలించిన సెలైన్ పైపు, గాజు సీసా నా కళ్ళ ముందుకొచ్చాయి. అక్కడే స్టూలు మీద కూర్చుని పెద్దబాపుకు ఫోన్ చేశాను.

"పెద్దబాపూ, బ్రేకుల గాలి ఒక్కలే తీయొచ్చని నీకు అప్పుడు ఎరుక లేదా?"

"ఎరికె" అన్నాడు.

"మరి బాపును ఎందుకు పిలిపిచ్చినవ్?"

"ఆ పాత పైపు ఇప్పటికి నా డబ్బల ఉన్నది బిడ్డా. నేను పెట్టిన కొక్కెమే ఒరిసి ఒరిసి దానికి చిల్లి వడ్డది. బ్రేకు నిజంగనే పడలే. పదకొండు నెలలు వానికి నడపరాదన్న. తప్పు నాదని ఏ మొకం పెట్టుకొని చెప్పాలె? ఒక్కన్నే తీసుకుంటె వాడెందుకొస్తడు నా కాడికి?"

"మరి నా కాలుకు బలం సాలదంటివి" అన్నాను.

"నీ కాలుకేమైంది బిడ్డా, మంచి కాలే. గిదంతా మీ బాపుకు చెప్పకు."

వెనక నుంచి మా బాపు గొంతు వినిపించింది. ఇప్పుడు ఇద్దరూ పొద్దంతా వాకిట్లో ఒకే అరుగు మీద కూర్చుంటారు, ఒకరి ఫోన్ ఇంకొకరు వింటారు. "నాకు చెప్పేదేమున్నది" అన్నాడు బాపు. "అంతకుముందు ఏడాది ఒక్కడే గాలి తీసుకుంటుంటె చూసిన. ఆ పొద్దు సీస మొలకు తగిలేసినప్పుడే నాకు సమజైంది."

"మరి తెలిసి ఎందుకు పోయినవ్ బాపూ?"

"పిలిచిండు గదా బిడ్డా, పోయిన."